మూరెడు మౌనం: మహిళల రేడియో కార్యక్రమాల గురించి అపోహలు, వాస్తవాలు

ఈ మధ్య గుంటూరులో కాలేజీ పిల్లలకు రేడియో గురించి రెండు మాటలు చెప్పడానికి వెళ్లాను. ఒక అమ్మాయి లేచి, "మీ రోజుల్లో ఆడవాళ్ల కార్యక్రమం అంటే వంటలేనట కదండీ?" అని అడిగింది. అక్కడ నవ్వేసి ఊరుకున్నాను. తిరుగు బస్సు మంగళగిరి దాటి కృష్ణ మీదికి వచ్చేదాకా ఆ "అట" నన్ను వదల్లేదు. 1980ల నడుమ నుంచి పాతికేళ్లకు పైగా ఆకాశవాణిలో ఆ స్త్రీల కార్యక్రమాలకు స్క్రిప్టులు రాశాను, ఊళ్లు తిరిగి గొంతులు రికార్డు చేశాను, బ్లేడుతో టేపు కోసి అతికించాను. నెల జీతం ఉద్యోగం కాదు, పిలిచినప్పుడు వెళ్లే పని. అందువల్ల నేను చెప్పేది అధికారుల చరిత్ర కాదు, టేపు పట్టుకున్న చేతుల జ్ఞాపకం.

అపోహ: స్త్రీల కార్యక్రమం అంటే ఆవకాయ, అల్లికలు

ఆవకాయ ఉంది. లేదని ఎందుకనాలి? వేసవి వస్తే ఉప్పు, కారం, ఆవపిండి పాళ్లు చెప్పమని కార్డులు వచ్చేవి, చెప్పేవాళ్లం. ఆవకాయ తర్వాత ఏం వచ్చేదో మాత్రం ఎవరికీ గుర్తుండదు. అది మధ్యాహ్నం వేళ. మగవాళ్లు పనుల్లోకి వెళ్లి, వంట ముగిసి, రేడియో మీట ఆడవాళ్ల చేతికి దొరికే సమయం. మొదటి ఐదు నిమిషాలు పచ్చడి గురించి వినిపిస్తే ఇంట్లో పెద్దావిడ కూడా వచ్చి కూర్చునేది. ఆ వెనకే న్యాయవాది వరకట్నం గురించి మాట్లాడినా లేచి రేడియో కట్టేసే వాళ్లుండరు. పచ్చడి మాకు ముసుగు, ముసుగని తెలిసే వేసుకున్నాం.

ఆస్తి చట్టం వచ్చినప్పటి సంగతి చెబుతాను. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా కూతుళ్లకూ హక్కు ఇచ్చారు. పత్రికలన్నీ "సమాన హక్కు" అని రాశాయి. మెలిక తేదీలో ఉంది: 1985 సెప్టెంబరు 5కి ముందే పెళ్లయిపోయిన ఆడపిల్లలకు అది వర్తించదు. ఆ తేదీని మేం కార్యక్రమంలో ఒకటికి రెండుసార్లు చదివాం. తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. పేరు లేదు, ఊరు లేదు. తన పెళ్లి ఆ ఏడు మే నెలలో అయిందట, చెల్లెలిది మరుసటి ఏడు. "దానికి వాటా ఉండి నాకు లేకపోవడం ఏం న్యాయం అక్కయ్యగారూ?" అని ప్రశ్న. చట్టం ప్రకారం లేదు అని రేడియోలో చెప్పాల్సి వచ్చింది. 2005లో కేంద్ర చట్టం మారి ఆ తేడా పోయినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ ఇన్లాండు కవరే.

ఇక్కడొక పిడకల వేట. లండన్ బీబీసీలో 1946 అక్టోబరులో మొదలైన మహిళల కార్యక్రమానికి మొట్టమొదటి వ్యాఖ్యాత మగవాడు! మన రేడియోను మరీ వెనకబడినదని అనేవాళ్లకు ఈ సంగతి చెబుతుంటాను.

అపోహ: ప్రభుత్వ రేడియోలో స్త్రీల ఉద్యమానికి చోటే లేదు

సగం నిజం. 1997లో ప్రసార భారతి అనే స్వయంప్రతిపత్తి సంస్థ ఏర్పడేదాకా ఆకాశవాణి నేరుగా ప్రభుత్వ శాఖే. ప్రసంగం చేసేవారు కాగితం ముందే పంపాలి, దాన్ని ఒకరు చదివి సంతకం పెట్టాలి. 1975 అంతర్జాతీయ మహిళా సంవత్సరం, అదే ఏడు జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చింది. స్త్రీల హక్కుల గురించి మాట్లాడమని ఒక చేత్తో పిలిచి, ఇంకో చేత్తో నోరు మూసిన సంవత్సరమని ముందుతరం వాళ్లు చెప్పుకునేవారు. 1978లో పోలీసుల అత్యాచారానికి గురైన రమీజాబీ కేసు మీద హైదరాబాదు అట్టుడికింది. మథుర అనే గిరిజన అమ్మాయిపై పోలీసు స్టేషనులో జరిగిన అత్యాచారం కేసులో పోలీసులను వదిలేసిన సుప్రీంకోర్టు తీర్పు మీద 1980లో దేశమంతా స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. 1983లో అత్యాచార చట్టం మారింది, గృహహింసను నేరంగా చూసే 498ఎ సెక్షన్ శిక్షాస్మృతిలోకి వచ్చింది. ప్రభుత్వ రేడియోకు ఊరేగింపు పనికిరాదు గానీ చట్టం పనికొస్తుంది. వీధిలో నినాదంగా పుట్టినది సెక్షన్ నంబరు తగిలించుకుని వస్తే తప్ప స్టూడియో తలుపు తీసుకునేది కాదు.

అమెరికాలో పసిఫికా రేడియోవాళ్లకు ఈ బాధ లేదు. 1949లో బర్క్‌లీలో మొదలైన వాళ్ల తొలి కేంద్రం శ్రోతల చందాలతో నడిచేది. స్త్రీ విముక్తి ఉద్యమపు రోజుల్లో స్త్రీల ప్రసంగాలు, గోష్ఠులు, ముఖాముఖీలు వాళ్లు నేరుగా టేపు మీదికి ఎక్కించారు. 1963 నుంచి 1982 దాకా ఉన్న ఆ టేపులను డిజిటల్ రూపంలోకి మార్చుకున్నారు కూడా. ఒప్పుకుంటాను, నాకు అసూయే.

అయినా సందు దొరకలేదని కాదు. "ఉద్యమం" అనే మాట అనకుండా, ఒక కూలి మనిషి తెల్లవారుజామున లేచింది మొదలు పడుకునేదాకా చేసే పనులన్నీ ఆమె గొంతుతోనే వరసగా చెప్పించాం. వ్యాఖ్యానం ఒక్క ముక్క లేదు. సంతకం పెట్టాల్సిన ఆయనకు అందులో అభ్యంతరం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. రేడియో కార్మికుల కార్యక్రమంలో ఏకాంబరం అనే పాత్రకు మాటకు మాట అందించిన చిన్నక్క పాత్ర గొంతును కూడా నేను ఈ లెక్కలోనే వేస్తాను, ఎవరైనా ఒప్పుకోకపోతే వాదించడానికి సిద్ధం.

అపోహ: ఈ స్త్రీల హక్కుల మాటంతా పట్నంలో చదువుకున్నవాళ్లు బయట నుంచి తెచ్చిపెట్టిన గోల

దీనికి ఎక్కువ సమయం ఇవ్వను. గుంటూరులో ఉన్నవ లక్ష్మీబాయమ్మ ఆడవాళ్ల చదువు కోసం శారదానికేతనం పెట్టింది 1922లో. బాపట్లలో స్త్రీహితైషిణీ మండలి నడిపిన రచయిత్రి కనుపర్తి వరలక్ష్మమ్మ మద్రాసు, విజయవాడ రేడియో కేంద్రాల నుంచి ప్రసంగించారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు ఎదురు తిరిగినవాళ్లు రాత్రి బడిలో అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది వాళ్ల వల్ల.

అపోహ: చదువురాని ఆడవాళ్లు మైకు ముందు మాట్లాడలేరు

స్టూడియోకు పిలిచి, చల్లటి గదిలో కూర్చోబెట్టి, ఎర్రలైటు వెలిగించి, "మీ సమస్యలు చెప్పండి" అంటే ఎవరు మాట్లాడతారు? పట్టభద్రులకే నాలుక పిడచకట్టుకుపోతుంది.

గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లతో ఒక రూపకం, అంటే రేడియో డాక్యుమెంటరీ, చేశాం. మొదటిరోజు రికార్డింగు అంతా దగ్గులే, వాళ్లవీ నావీ. ఇంజనీరు తల పట్టుకున్నాడు. రెండోరోజు మైకు వాళ్ల ముందు పెట్టడం మానేసి, చాప మీద కూర్చుని పక్కన పెట్టుకున్నాను. కష్టాల గురించి అడగలేదు. రోజుకు ఎన్ని కిలోలు తీస్తారు, కిలోకు ఎంత ఇస్తారు, కాటా వేసేదెవరు అని అడిగాను. లెక్కలు అడిగితే ఎంత బిడియస్తులైనా మాట్లాడతారు. కాటా దగ్గర మోసం గురించి ఒకామె మొదలుపెడితే మిగతావాళ్లు అందుకున్నారు.

ఆ పనిలో నేర్చుకున్నది ఒకటుంది. మాట్లాడి మాట్లాడి "అంతేనమ్మా, ఇంకేముంది" అంటారు చూడండి, అక్కడ మిషను ఆపకూడదు. అసలు మాట ఆ "అంతే" తర్వాత వస్తుంది, ఒక్కోసారి చాలా ఆలస్యంగా. ఆపకుండా ఉండటం ఎంత కష్టమో ఫోనులో రికార్డు చేసుకునే ఈనాటి పిల్లలకు తెలియదు. భుజాన తగిలించుకునే యూహెర్ రికార్డరులో ఐదంగుళాల స్పూలు, 900 అడుగుల టేపు. సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో తిరిగితే 24 నిమిషాల్లో ఖాళీ. ఒక మనిషి మూడు సెకన్లు మాట ఆపిందంటే మూరకు పైగా టేపు ఉత్తిగా పోయినట్లే. అందుకే "ఇంత ఖాళీ ఎందుకండీ, కోసేయండి" అనేవారు. కోయడమూ తేలికే, టేపు ఏటవాలుగా తెగితే అతుకు చెవికి అందదు. ఆ రూపకంలో "మీ ఆయన ఏం పని చేస్తాడు?" అన్న ప్రశ్న తర్వాత ఒకామె ఊరుకుండిపోయింది. ఆ మూరెడు టేపు కోసం, టేపులు కోసి అతికించే డబ్బింగ్ గదిలో ఒక పూటంతా పోట్లాడాను. ఉంచారు. బదులుగా దగ్గులు తీసేయమన్నారు. నాలుగు తీసి మిగతావి ఉంచాను, ఎవరూ లెక్కపెట్టుకోలేదు.

అపోహ: అప్పటివన్నీ ఎక్కడో భద్రంగా ఉంటాయి

ఉండవు. టేపు ఖరీదైన సరుకు. ప్రసారం కాగానే చెరిపి మళ్లీ వాడుకోవడం మామూలు. తొడిమల రూపకం ఉన్న స్పూలు కోసం ఏడాది తర్వాత వెళ్తే దాని మీద ఎరువుల గురించి ప్రసంగం ఉంది. ఎవరి మీదా కోపం లేదు, ఆ వారం టేపుకు కొరత.

చెరిపివేతకన్నా నన్ను బాధపెట్టేది టేపు డబ్బాలకు అంటించిన చీటీల మీది రాతలు. కార్యక్రమం ప్రారంభించిన అధికారి పేరు హోదాతో సహా ఉంటుంది. మాట్లాడిన ఆడవాళ్లుంటారు, "గ్రామీణ మహిళలు, 6గురు" అని. టేపు బతికినా వాళ్లెవరో తెలియదు. ఇక మిగిలినవి శ్రోతలు ఇంట్లో క్యాసెట్లలోకి పట్టుకున్నవే. మీ అటకమీద అలాంటివి ఉంటే వెంటనే తీసుకెళ్లి పాత టేప్‌రికార్డరులో పెట్టకండి. మన కృష్ణాతీరపు చెమ్మకు బూజు పట్టి ఉంటుంది, అతుక్కుని తెగుతుంది. ముందు తెలిసినవాళ్లకు చూపించండి.

అపోహ: పాడ్‌కాస్టులు వచ్చాయి, రేడియో పని అయిపోయింది

జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి దళిత మహిళలు సంగం రేడియో అనే సామాజిక రేడియో నడుపుతున్నారు. వెళ్లి వినిరండి, తర్వాత మాట్లాడుకుందాం.

అపోహ: రేడియోలో ముఖం కనిపించదు కాబట్టి ఏం చెప్పినా భయం లేదు

ఈ అపోహ నాకూ ఉండేది. సారా వ్యతిరేక ఉద్యమం రోజుల్లో ఒకామె భర్త కొట్టే దెబ్బల గురించి చెప్పింది. పేరు మార్చాం, ఊరు చెప్పలేదు. ప్రసారమైన పూటే వాళ్ల వీధికంతటికీ తెలిసిపోయింది. ప్రతి మాట చివరా "అదీ సంగతి" అనడం ఆమె అలవాటు. ముఖాన్ని కొంగుతో కప్పుకోవచ్చు, గొంతును ఎలా కప్పుతాం? రెండు నెలలపాటు ఆమె పుట్టింట్లో ఉండాల్సి వచ్చింది. ఆ తప్పు నాది.

అప్పటి నుంచి కోసి అతికించిన టేపును ప్రసారానికి ముందే ఆ మనిషికి వినిపించి, తీసేయమన్నది తీసేస్తూ వచ్చాను. ఆ తర్వాత తెనాలి దగ్గర ఒకామెకు అలాగే ఇంటి అరుగు మీద వినిపించాను. దెబ్బల సంగతి వచ్చినప్పుడు చలించలేదు. అప్పు సంగతి రాగానే చెయ్యి పైకెత్తింది. "కొట్టిన సంగతి ఉండనివ్వండి, అది ఊరందరికీ తెలిసిందే. అప్పు ఎంతో మాత్రం తీసేయండి, మా పిల్లకు సంబంధాలు చూస్తున్నాం" అంది. బ్లేడు అక్కడే సంచిలోంచి తీశాను.