నొప్పి ఎంతుందో డాక్టర్‌కి ఎలా తెలుస్తుంది?

పిల్లలూ,

మత్తు డాక్టర్ అంటే సూది వేసి నిద్రపుచ్చేవాళ్లే కదా అని మీరు అడిగారు. నిద్రపుచ్చడం ఒక్క నిమిషం పని. ప్రొపోఫాల్ అని పాలలా తెల్లగా ఉండే మందు నరంలోకి ఎక్కిస్తే చాలామందికి నిమిషంలోపే స్పృహ పోతుంది, దాంతోపాటు ఊపిరి మందగించి ఒక్కోసారి ఆగిపోతుంది, బీపీ పడిపోతుంది. అక్కణ్ణించి ఆపరేషన్ అయ్యేదాకా ఆ మనిషి ఊపిరి, గుండె, ఒంటి వేడి అన్నీ మా బాధ్యతే. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూడటానికి వేలికి క్లిప్పు తొడుగుతాం చూడండి, జపాన్ ఇంజనీరు టకువో అయోయాగి 1970లలో కనిపెట్టిన పద్ధతి అది. రక్తంలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ మానిటర్ చేసే చప్పుడు సన్నటి స్వరం నుంచి బొంగురుగా దిగిపోతుంది. తెర వైపు చూడకుండానే మా చెవులు దాన్ని పట్టేస్తాయి.

యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌లో ఈ పనితోపాటు చదువు చెప్పడం, పరిశోధన కూడా ఉంటాయి. పొద్దున్నే జూనియర్లని నిలబెట్టి, గొంతులోకి గొట్టం వెళ్లకపోతే ఏం చేస్తావు, అదీ కుదరకపోతే ఏం చేస్తావు అని అడుగుతాం. టెన్షన్ పడతారు, కానీ ఆ టెన్షన్ ఏదో ఇక్కడే పడటం మేలు.

పరిశోధన గురించి ఒక్కటి చెప్తాను. ఒకప్పుడు పసిపిల్లలకి నొప్పి సరిగా తెలియదని చాలామంది డాక్టర్లే నమ్మేవారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకి కదలకుండా ఉండే మందు, కొంచెం తేలికపాటి మత్తు మాత్రం ఇచ్చి ఆపరేషన్ చేసేవారు, గట్టి నొప్పి మందు ఇస్తే తట్టుకోలేరన్న భయంతో. ఆ బిడ్డ కదలలేదు, ఏడవలేదు, ఇక ఎవరికి తెలుస్తుంది? కన్వల్‌జీత్ ఆనంద్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్లూ ఆక్స్‌ఫర్డ్‌లో రక్తాన్ని అడిగారు. కొందరు బిడ్డలకి ఫెంటనిల్ అనే గట్టి నొప్పి మందు కూడా ఇచ్చి, రెండు గుంపుల్లోనూ నొప్పికి రక్తంలో పెరిగే ఒత్తిడి హార్మోన్లు కొలిచారు. ఫెంటనిల్ అందిన బిడ్డల్లో అవి బాగా తక్కువగా ఉన్నాయి, ఆపరేషన్ తర్వాత ఇబ్బందులూ తగ్గాయి. 1987లో అచ్చయిన ఆ పని తర్వాత పసిపిల్లల ఆపరేషన్ల తీరే మారింది. నాకు ఇప్పటికీ గొప్పగా అనిపించే పరిశోధన అది.

నెలల తరబడి నొప్పితో బాధపడేవాళ్లు మా పెయిన్ క్లినిక్‌కి వస్తారు. స్కాన్‌లో ఏమీ కనబడలేదు, అంతా నీ భ్రమే అని ఎక్కడో అనిపించుకుని వచ్చినవాళ్లు వాళ్లలో చాలామందే ఉంటారు. నొప్పిని కొలిచే మీటర్ లేదు కాబట్టి ముందు వాళ్లు చెప్పేది నమ్ముతాం, ఆ తర్వాతే మందులు, వ్యాయామం, నిద్ర, మనసు గురించి మాట్లాడతాం. మీకూ ఎప్పుడైనా సున్నా నుంచి పది దాకా ఎంత నొప్పి అని డాక్టర్ అడిగితే, ధైర్యవంతులు అనిపించుకోవాలని తగ్గించి చెప్పకండి. ఎనిమిది అయితే ఎనిమిదే అనండి. మందు ఎంత ఇవ్వాలో ఆలోచించేటప్పుడు మేం ముందు చూసేది ఆ అంకెనే.