గుర్రం నిలబడే నిద్రపోతుందా? అపోహలు – వాస్తవాలు

గుర్రాల డాక్టరుగా లాయంలోకి వెళ్ళగానే నేను అడిగేవి రెండు ప్రశ్నలు. "మేత తింటోందా?" "రాత్రి పడుకుంటోందా?" మొదటిదానికి జవాబు టక్కున వస్తుంది. రెండోదానికి చాలామంది, "గుర్రం పడుకోవడమేంటి సార్, నిలబడే కదా నిద్రపోయేది!" అంటారు.

అపోహ: గుర్రానికి నిలబడి తీసే నిద్ర చాలు.

వాస్తవం: ఇందులో సగమే నిజం. గుర్రం వెనక కాలి మోకాలి చిప్పను తొడ ఎముక గట్టుకు తగిలించి, కండరాలకు పెద్దగా శ్రమ లేకుండా నిలబడగలదు. అలా కునుకు తీస్తుంది, కొంత గాఢంగానూ నిద్రపోతుంది. కానీ రెమ్ నిద్రలో, అంటే రెప్పల కింద కళ్ళు వేగంగా కదిలే నిద్ర దశలో, ఒంట్లోని కండరాలు వదులైపోతాయి. అది నిలబడి కుదరదు. కాళ్ళు ముడుచుకుని కూర్చుని మూతి నేలకు ఆనించాలి, లేదా పక్కకు వాలి కాళ్ళు చాపాలి. పెద్ద గుర్రం రోజు మొత్తం మీద 3 నుంచి 5 గంటలే నిద్రపోతుంది, అదీ ముక్కలు ముక్కలుగా. అందులో రెమ్ నిద్ర అరగంట నుంచి గంట వరకు ఉంటుంది. ఆ కాస్తా దొరక్కపోతే రోజులు గడిచేకొద్దీ గుర్రం అలసిపోతుంది.

అపోహ: నిలబడిన గుర్రం ముందుకు కూలబడితే అది మూర్ఛే.

వాస్తవం: పెళ్ళి బరాత్‌లకు తిప్పే ఒక ఆడగుర్రాన్ని ఇలాగే చూపించారు. ముంగాళ్ళకు, గిట్టల పైనున్న కీళ్ళ ముందువైపు, పాత గాయాల మచ్చలున్నాయి. పాపం, అది నిలబడే రెమ్ నిద్రలోకి జారేది. ముంగాళ్ళు మడత పడగానే ఉలిక్కిపడి లేచేది. ఇరుకు గది, సిమెంటు నేల, పైగా తల కిందికి దించలేనంత పొట్టి తాడు. ఇక ఎలా పడుకుంటుంది? తాడు తీయించి, ఒళ్ళు తిప్పుకునేంత చోటుకు మార్పించి, వరిగడ్డి మందంగా పరిపించాను. నాలుగో రోజు పొద్దున్నే యజమాని ఫోన్ చేశాడు, జూలులో గడ్డిపరకలు కనిపించాయని. ఆ మాట వినగానే నా టెన్షన్ పోయింది.

మీరూ పొద్దున్నే ఒకసారి చూడండి. జూలులో గడ్డి, పక్కలకు పేడ మరకలు ఉంటే రాత్రి పడుకున్నట్టే. రోజుల తరబడి అవేమీ కనిపించకపోతే రాత్రి కెమెరా పెట్టి చూడండి. ముసలి గుర్రమైతే కీళ్ళ నొప్పుల వల్ల, మళ్ళీ లేవలేనేమోనని పడుకోదు. అప్పుడు గడ్డి ఎంత పరిచినా లాభం లేదు, ముందు నొప్పికి వైద్యం చేయించాలి. కూలబడే గుర్రాన్ని ఎలాగూ డాక్టరుకు చూపించాల్సిందే.

అపోహ: ఒంటరిగా ఉంచితే ప్రశాంతంగా నిద్రపోతుంది.

వాస్తవం: మందలో కొన్ని పడుకుంటే ఒక్కటైనా నిలబడి కాపలా కాస్తుంది. తోడు లేని గుర్రం ఆ కాపలా తనే కాసుకోవాలి. పక్క గుర్రం కనిపించేలా కట్టండి. కొత్త చోటైతే కొన్ని రాత్రులు ఓపిక పట్టండి.

అపోహ: పడుకున్న గుర్రం జబ్బుపడినట్టే.

వాస్తవం: ప్రశాంతంగా పడుకుంటే లేపకండి. కాసేపటికి అదే లేస్తుంది. కానీ పదేపదే పడుతూ లేస్తూ దొర్లుతున్నా, తల తిప్పి కడుపు వైపు చూస్తున్నా, చెమటలు పట్టినా, మేత మానేసినా అది కడుపునొప్పి కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి.