విమానం సరే, జాబితా ఎవరి దగ్గరుంది?

ఏ దేశంలో గొడవలు మొదలైనా, కంపెనీ పని మీద అక్కడ ఆన్‌సైట్‌లో ఉన్న పిల్లల కోసం హైదరాబాద్‌లో ఫోన్లు మోగుతాయి. విమానం ఎప్పుడు పంపుతారన్నదే అందరి టెన్షన్. పాత అనుభవాలు చూస్తే విమానం కన్నా ముందు తేలాల్సినవి వేరే ఉన్నాయి: చేతిలో కాగితాలు, బయటపడే దారి, ఎవరు ఎక్కడున్నారన్న జాబితా.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. కూలీల పాస్‌పోర్టులు కఫీల్, అంటే వీసా ఇప్పించిన యజమాని, తన దగ్గరే పెట్టుకోవడం గల్ఫ్‌లో మామూలు. కఫీల్ పారిపోతే చేతిలో కాగితమే లేదు. అలాంటివాళ్లకు తాత్కాలిక పత్రాలు రాసిచ్చి, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్‌కు చేర్చి, రెండు నెలల్లో దాదాపు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో తెచ్చారు. చెప్పుకోదగ్గ పనే. కానీ అది మొదలవడానికే పది రోజులకు పైగా పట్టింది.

2015లో యెమెన్ నుంచి 4,600 మందికి పైగా భారతీయులను తెచ్చారు. కొందరిని ఏడెన్ లాంటి రేవుల నుంచి నౌకాదళం ఓడల్లో పొరుగు దేశం జిబూతీ దాకా, అక్కణ్నుంచి విమానంలో. మన హైదరాబాద్ బర్కాస్‌లో చాలా కుటుంబాలకు యెమెన్ తాతల ఊరు. నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చినవాళ్లు మరి. అదే ఏడాది జూలైలో లిబియాలోని సిర్తె నుంచి ఇంటికి బయల్దేరిన ఇద్దరు తెలుగు అధ్యాపకులను సాయుధులు దారిలోనే ఎత్తుకెళ్లారు. ఏడాది దాటాకే, 2016 సెప్టెంబరులో బయటపడ్డారు. ఉండిపోవడమే కాదు, ఆలస్యంగా కదలడం కూడా ప్రమాదమేనని అప్పుడు తెలిసింది.

ఆపదలో ఫోన్ ఉందిలే, విమానం వస్తుందిలే అనుకోవడానికీ లేదు. 2011 జనవరి చివర్లో ఈజిప్టు ప్రభుత్వం ఇంటర్నెట్ మొత్తం ఆపేసింది. ఒక రోజు సెల్‌ఫోన్లూ మూగబోయాయి. 2024 జూలైలో బంగ్లాదేశ్‌లోనూ నెట్ పోయింది. 2025 సెప్టెంబరులో ఖాట్మండూ విమానాశ్రయమే మూతపడింది. నెట్ లేనప్పుడు కంపెనీ వాట్సాప్ గ్రూపు దేనికి పనికొస్తుంది?

ఇక చట్టం సంగతి మరీ విచిత్రం. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద, పదో తరగతి పాసవనివాళ్లు గల్ఫ్ లాంటి కొన్ని దేశాలకు పనికెళ్లాలంటే క్లియరెన్స్, అంటే ప్రభుత్వ అనుమతి, తీసుకోవాలి. విజిట్ వీసా మీద దొంగచాటుగా వెళ్లకపోతే, వాళ్ల పేరు ప్రభుత్వ రికార్డులో ఉంటుంది. నర్సులను 2015లో ఆ లెక్కలోకి తెచ్చారు. ఇంజనీరుకు మాత్రం ఆ క్లియరెన్స్ అక్కర్లేదు. తనంతట తాను ఎంబసీలో నమోదు చేసుకోకపోతే, పేరు ఉండేది కంపెనీ ఎక్సెల్ షీట్‌లోనే. అక్కడ కూడా చాలాసార్లు కనిపించేది ఆఫీసు అడ్రసే, రాత్రి పడుకునే ఫ్లాట్‌ది కాదు.