లూపస్‌లో దోషి ఎవరు? 2009లో మూసేసిన ఫైలు

“కార్-టీ చికిత్సతో లూపస్ మాయం” అనే వార్త (కార్-టీ అంటే రోగి ఒంట్లోని టి కణాలనే రోగనిరోధక కణాలను తీసి, మార్చి, తిరిగి ఎక్కించడం) మళ్లీ వాట్సాప్‌లో తిరుగుతోంది. దాంతోపాటే పాత గొడవా లేచింది. లూపస్ అంటే ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ సొంత మనిషి మీదే తిరగబడే జబ్బు. దానికి మూలం యాంటీబాడీలు తయారుచేసే బి కణాలా, ఇంటర్‌ఫెరాన్ అనే ప్రమాద సంకేతమా? 1948లో లూపస్ రోగుల్లో కనిపించే ఎల్ఈ కణం కనిపెట్టిన దగ్గర్నుంచీ చెప్పుకురావాల్సిన పనిలేదు. 2008, 2009లలో ఏం జరిగిందో చూస్తే చాలు.

అప్పటికి రిటుక్సిమాబ్ మీద చాలామంది డాక్టర్లకు గట్టి ఆశ. 1997లో లింఫోమా క్యాన్సర్‌కి వచ్చిన ఈ మందు, బి కణాల మీదుండే సీడీ20 అనే గుర్తును పట్టుకుని వాటిని చంపుతుంది. మిగతా మందులకు లొంగని లూపస్‌కి ఇస్తే పనిచేసిన దాఖలాలున్నాయి. పక్కాగా తేల్చుకుందామని రెండు ట్రయల్స్ పెట్టారు: 257 మందితో ఎక్స్‌ప్లోరర్, కిడ్నీ దెబ్బతిన్న 144 మందితో లూనార్. రెండూ ఫెయిలయ్యాయి. బి కణాల కథ ముగిసిందన్న మాట అప్పుడే పుట్టింది. 2011లో బి కణాల పోషణను దెబ్బకొట్టే బెలిముమాబ్‌కి అనుమతి వచ్చినా, ఫలితం ఓ మోస్తరే కావడంతో ఆ మాట పోలేదు.

కానీ ఆ ట్రయల్స్‌లో ఉత్తుత్తి మందు అందినవాళ్లకూ స్టెరాయిడ్లు గట్టిగానే పడ్డాయి. వాళ్లూ కోలుకుంటుంటే అసలు మందు తేడా ఎక్కడ కనబడుతుంది? రెండో సంగతి చాలా ఏళ్లకు బయటపడింది. రిటుక్సిమాబ్ ఇచ్చాక రక్తపరీక్ష రిపోర్టులో బి కణాలు సున్నా. లింఫ్ గ్రంథి ముక్క తీసి చూస్తే మాత్రం అక్కడే ఉన్నాయి. వీధిలో ఎవరూ లేరు కదా అని ఊరే ఖాళీ అనుకున్నట్టయింది.

రామాయణంలో పిడకల వేట అనుకోకపోతే ఒక మాట. హైదరాబాద్‌ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే ఈ మందుకు చవక రూపం రెడిటక్స్ తెచ్చింది. ట్రయల్స్ ఫెయిలయ్యాక కూడా మొండి లూపస్‌కి డాక్టర్లు రిటుక్సిమాబ్ రాయడం మానలేదు.

ఇంటర్‌ఫెరాన్ పక్షానికీ ఆధారాలున్నాయి. 1979లోనే రోగుల రక్తంలో అది కనిపించింది, 2003లో దాని జన్యు ముద్ర (అది రెచ్చగొట్టిన జన్యువుల జాడ) దొరికింది, 2021లో దాన్ని అడ్డుకునే అనిఫ్రోలుమాబ్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే మూడో దశ ట్రయల్స్‌లో మొదటిది లక్ష్యం అందుకోలేదు. కొలబద్ద మార్చాకే తర్వాతది నెగ్గింది.

అదే 2021లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో డాక్టర్ గియోర్గ్ షెట్ బృందం కార్-టీ పద్ధతిలో లూపస్ ఉన్న 20 ఏళ్ల అమ్మాయి టి కణాలను తీసి, సీడీ19 గుర్తున్న బి కణాలను వేటాడేలా మార్చి తిరిగి ఎక్కించింది. 2024లో 15 మంది ఫలితాలు ప్రచురించారు. అందులో లూపస్ వాళ్లు 8 మంది. ఎనిమిది మందికీ జబ్బు అణిగింది, స్టెరాయిడ్లతో సహా ఆపేశారు. లూపస్ ఇంట్లో ఉన్నవాళ్లు ఫైలు తెరవగానే చూసేది రెండే: సీ3 (జబ్బు రేగితే రక్తంలో పడిపోయే ప్రోటీన్) తగ్గిందా, డీఎస్‌డీఎన్ఏ (సొంత డీఎన్ఏ మీద పడే యాంటీబాడీల లెక్క) పెరిగిందా అని. ఈ చికిత్సతో ఆ రెండూ దారికొచ్చాయి. మూడు నాలుగు నెలలకు బి కణాలు మళ్లీ పుట్టాయి, జబ్బు మాత్రం తిరగబెట్టలేదు. వచ్చినవి కొత్త కణాలు, పాత కక్ష వాటికి తెలీదు. బి కణాలు పోయాక ఇంటర్‌ఫెరాన్ ముద్ర కూడా చెరిగిపోయిందన్నది అవతలి పక్షానికి మింగుడుపడని విషయం.

2025లో ఇంకోటి. కిడ్నీ లూపస్ ఉన్న 271 మందిలో ఒబినుటుజుమాబ్ అనే మందు తీసుకున్నవాళ్లలో 46.4 శాతానికి కిడ్నీ పూర్తిగా కుదుటపడింది, తీసుకోనివాళ్లలో 33.1 శాతమే. గురి అదే సీడీ20, దెబ్బే గట్టిది.

కార్-టీకి ముందు ఇచ్చే సైక్లోఫాస్ఫమైడ్ కూడా పాత లూపస్ మందే, ఘనతలో దానికీ వాటా ఉండొచ్చని అనుమానించేవాళ్లున్నారు. పైగా 2024 లెక్క ప్రకారం ఆ 15 మందిని గమనించింది 4 నుంచి 29 నెలలే. వాట్సాప్ వార్తలో ఈ నెలల లెక్క లేదు. మన దేశంలో 2023లో అనుమతి పొందిన సొంత కార్-టీ రక్త క్యాన్సర్‌కే గానీ లూపస్‌కి కాదన్న మాటా లేదు.