ఆ పుస్తకం తగలబెట్టినందుకు

పిల్లలూ,

మొన్న మన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట, అదే నేను కథ నడిపితే మీరు తలో పాత్ర వేసి డైస్ విసిరే ఆట, సగంలో ఆపేసి లేచాం కదా, అప్పటినుంచి నా మనసంతా అక్కడే ఉంది. శవాలను లేపే మంత్రగాణ్ని ఓడించారు, బాగా ఆడారు. ఆ తర్వాత వాడి బల్ల మీదున్న స్పెల్‌బుక్‌ని, అంటే మంత్రాల పుస్తకాన్ని, పెద్దది తీసి పక్కనే ఉన్న పొయ్యిలో పడేసింది. "నీ కత్తి మీదున్న నీలి వెలుగు ఆరిపోయింది" అన్నాను నేను. అంతే, దాని మొహం చిన్నబోయింది. "చెడ్డవాడి పుస్తకం తగలబెడితే తప్పేంటి పెదనాన్నా? నేను పాలడిన్‌ని కదా!" అంది. అప్పటికే బాగా పొద్దుపోయింది. జవాబు చెప్పకుండానే డైస్ సర్దేశాం.

అమ్మలూ, నువ్వు అడిగింది సరైన ప్రశ్నే. ఇది నేను ముందే చెప్పాల్సింది. క్యారెక్టర్ తయారు చేసుకున్న రోజు "మిస్ట్రా పాలడిన్‌ని అవుతా" అన్నావు, అంటే మంత్రాల దేవత మిస్ట్రాకు ప్రమాణం చేసిన యోధురాలిని అని, నేను సరేనని నీ పాత్ర షీట్ మీద రాసేశాను. ఆ ఒక్క మాటతో నువ్వు ఎంత బరువు నెత్తికెత్తుకున్నావో మాత్రం చెప్పలేదు. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నా. చిన్నోడా, నువ్వు కూడా చదువు, నీ విజార్డ్ (మంత్రగాడి) బతుకు కూడా ఇందులోనే ఉంది.

పాలడిన్ అనే మాట రోమ్‌లోని పాలటైన్ కొండ పేరు నుంచి వచ్చింది. రాజభవనం ఆ కొండ మీద ఉండేది కాబట్టి, మొదట్లో రాజుగారి ఇంటి మనిషి అనే అర్థం. తర్వాత ఫ్రాన్స్ కథల్లో షార్లమేన్ చక్రవర్తి దగ్గరున్న పన్నెండు మంది వీరులకు ఆ పేరు స్థిరపడిపోయింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది, పాలడిన్ ఆ మరుసటి ఏడాది వచ్చాడు. అప్పట్లో పాలడిన్ కావాలంటే కరిష్మా, అంటే పాత్రకుండే ఆకర్షణ శక్తి, 17 ఉండి తీరాలి. మూడు డైస్ వేస్తే 17 గానీ 18 గానీ పడేది 216 సార్లలో 4 సార్లే. అంటే కోరుకున్న ప్రతివాడూ పాలడిన్ అయ్యే కాలం కాదు, అదృష్టం కూడా రాసిపెట్టి ఉండాలి. 1978 రూల్స్‌లో ఇంకో సరదా సంగతి ఉంది. పాలడిన్ దగ్గర మంత్ర వస్తువులు పదికి మించి ఉండకూడదట. కవచం ఒకటి, డాలు ఒకటి, ఆయుధాలు నాలుగు, మిగతావి నాలుగు. మీ ఇద్దరి సంచుల్లో ఉన్నవి లెక్కపెట్టమని నేను అడగను లెండి.

ఇక మిస్ట్రా. మనం ఆడే లోకం ఫర్‌గాటెన్ రెల్మ్స్. ఎడ్ గ్రీన్‌వుడ్ అనే కెనడా ఆయన దీన్ని చిన్నప్పుడే తన కథల కోసం ఊహించుకున్నాడు. 1987లో అది ఆటగా అచ్చయింది. ఆ లోకంలో మంత్రం గాలిలా ఊరికే దొరికేది కాదు. దాని ముడిశక్తి అన్నిచోట్లా ఉంటుంది గానీ, నేరుగా ముట్టుకుంటే మనిషి తట్టుకోలేడు. మధ్యలో ఒక వల ఉంది, దాన్ని వీవ్ అంటారు. పడుగూ పేకా కలిసి బట్ట అయినట్టు, ఆ శక్తి అంతా పోగులు పోగులుగా నేసి ఉంటుంది. విజార్డ్ చేతులు తిప్పి మాటలు పలికేది ఆ పోగుల్లో ఒకదాన్ని పట్టుకుని లాగడానికే. ఆ నేత చెదరకుండా చూసుకునేది మిస్ట్రా. చూసుకునేది అనడం కూడా తక్కువే, ఆ నేతా ఆవిడా వేరు కాదని చెబుతారు.

ఇది చిన్నోడి స్పెల్స్ గొడవ మాత్రమే అనుకోకు అమ్మలూ. నువ్వు చెయ్యి వేసి గాయం మాన్పుతావే, గుళ్లో పూజారి దీవిస్తాడే, అదంతా కూడా ఆ నేత గుండానే రావాలి. అది చిరిగిందంటే నీ చెయ్యి కూడా వట్టి చెయ్యే.

చిరిగితే ఏమవుతుందో ఆ లోకం వాళ్లకు తెలుసు. వాళ్లు దాన్ని కళ్లారా చూశారు.

వాళ్ల లెక్కలో సంవత్సరాలను డీఆర్ అని రాస్తారు. ఆ లెక్క మొదలు కావడానికి 339 ఏళ్ల ముందు దాకా నెథెరిల్ అనే రాజ్యం ఉండేది. అక్కడి విజార్డులు కొండ శిఖరాన్ని అడ్డంగా కోసేవాళ్లు. కోసిన ముక్కను తలకిందులు చేసి గాలిలో నిలబెట్టి, పైకొచ్చిన చదును మీద నగరం కట్టేవాళ్లు. ఒక్కసారి ఊహించుకోండి. కింద పొలంలో నిలబడి తలెత్తితే, మొన కిందికి తిరిగిన కొండ మబ్బుల్లో తేలుతూ పోతోంది. దాని మీద వీధులు, మేడలు, ఆడుకునే పిల్లలు. అదంతా మంత్రం మీదే నిలబడింది. అక్కడివాళ్లు మంత్రాలను 11వ స్థాయి దాకా తీసుకెళ్లారు.

వాళ్లలో కార్సస్ అందరికంటే తెలివైనవాడు. అప్పట్లో ఫేరిమ్ అనే జీవులు వాళ్ల మంత్రశక్తిని భూమి లోపలినుంచి పీల్చేస్తున్నాయి, రాజ్యం కుంగిపోతోంది. దేవతల శక్తి చేతికొస్తే అన్నీ చక్కబెట్టొచ్చని కార్సస్ 12వ స్థాయి మంత్రం ఒకటి తయారు చేశాడు. ఒక దేవత శక్తిని లాక్కుని తనలో పెట్టుకునే మంత్రం అది. ఏ దేవతది లాక్కోవాలా అని చూసి, మంత్రానికి అధిదేవత అయిన మిస్ట్రిల్‌నే ఎంచుకున్నాడు. అప్పట్లో ఆవిడ పేరు మిస్ట్రిల్.

మంత్రం పారింది, శక్తి వచ్చేసింది. అయితే నేతను క్షణక్షణం సరిచేస్తూ ఉండాలన్న సంగతి వాడికి తెలీదు. ఆ పని వాడి వల్ల కాలేదు. పోగులు తెగడం మొదలైంది. నేత మొత్తం పాడైపోకముందే మిస్ట్రిల్ తన ప్రాణం తీసుకుని వాడికీ దానికీ మధ్య లంకె తెంచేసింది. ఆ కాసేపు లోకంలో ఎక్కడా మంత్రం లేదు. తేలే నగరాలు తేలడం ఆగిపోయాయి. ఆవిడ మిస్ట్రాగా మళ్లీ పుట్టేసరికి ఆదుకోగలిగింది మూడు నగరాలనే. కార్సస్ రాయైపోయాడు. రాయవుతూ అవుతూ, తన వాళ్లందరూ నేల మీద పడి చావడం చూశాడంటారు. ఆ తర్వాత మిస్ట్రా అంత పెద్ద మంత్రాలకు దారి మూసేసింది. చిన్నోడా, నీ షీట్ మీద స్పెల్స్ 9వ స్థాయి దగ్గర ఎందుకు ఆగిపోతాయని అడిగావు కదా, అక్కడి కథ ప్రకారం కారణం ఇదే.

ఆవిడకు గండాలు అంతటితో తీరలేదు. డీఆర్ 1358లో దేవతలందరినీ భూమ్మీదికి నెట్టేసినప్పుడు, తిరిగి పైకి వెళ్లబోతున్న మిస్ట్రాను కాపలా దేవుడు హెల్మ్ చంపేశాడు. మిడ్‌నైట్ అనే మామూలు విజార్డ్ ఆ స్థానంలోకి వచ్చి కొత్త మిస్ట్రా అయింది. 1385లో ఆవిడనీ సిరిక్ అనే దేవుడు చంపాడు. అప్పుడు నీలి మంటలు లోకమంతా పాకాయి, ఎందరో విజార్డులకు పిచ్చెక్కింది. చాలా ఏళ్ల తర్వాత గానీ ఆవిడ తిరిగి రాలేదు. మిగతా దేవుళ్ల పాలడిన్లకు "మన దేవుడికి ఏమైనా అయితే?" అనే టెన్షన్ పెద్దగా ఉండదు. మిస్ట్రా పాలడిన్లకు అది ఎప్పుడూ ఉండేదే. అందుకే ఆవిడ పూజారులు మంత్ర విద్యను రహస్యమైన చోట్ల దాచిపెడుతూ ఉంటారు. ఇప్పుడున్న జాతులన్నీ తుడిచిపెట్టుకుపోయినా, తర్వాత వచ్చేవాళ్లకు ఆ విద్య దొరకాలని.

ఇప్పుడు నీ పొయ్యి దగ్గరికి వస్తున్నా.

మిస్ట్రిల్ ఎలా పుట్టిందో తెలుసా? వెన్నెల దేవత సెలూనే, చీకటి దేవత షార్ ఇద్దరూ అక్కాచెల్లెళ్లు, ఇద్దరికీ పడదు. లోకం కొత్తలో వాళ్లిద్దరికీ యుద్ధం వచ్చింది. సెలూనే తనలోంచి వెలుగును పీకి షార్ మీదికి విసిరింది. అది షార్‌లోంచి కొంత చీకటిని కూడా చీల్చుకుంటూ పోయింది. ఆ వెలుగూ చీకటీ కలిస్తే పుట్టింది మంత్రానికి దేవత. పుట్టుకలోనే రెండూ ఉన్నాయి. అందుకని ఆవిడకు మొక్కేవాళ్లలో మంచివాళ్లూ ఉంటారు, శవాలను లేపేవాళ్లూ ఉంటారు. ఆవిడ బోధలో మొదటి మాట, మంత్రాన్ని మంత్రం కోసమే ప్రేమించమని, దాన్ని వట్టి ఆయుధంలా చూడొద్దని. ఎప్పుడు వాడకూడదో తెలియడమే అసలు తెలివి అని కూడా ఉంది అందులో.

అలాంటప్పుడు పాలడిన్ ఇరుకున పడతాడు కదా? పడతాడు. నాకు ఈ పాత్ర నచ్చేదే అందుకు. చెడ్డవాణ్ని ఎదిరించాలి, వాడి విద్యను మాత్రం కాపాడాలి. వేరే దేవుడి పాలడిన్ అయితే ఆ పుస్తకం తగలబెట్టి చేతులు దులుపుకునేవాడు, వాడికది తప్పు కూడా కాదు. నువ్వు అలా చెయ్యలేవు.

మిస్ట్రా గుళ్లకు అనుబంధంగా ఒక చిన్న దళం ఉంది, నైట్స్ ఆఫ్ ద మిస్టిక్ ఫైర్ అని. (నైట్ అంటే రాత్రి కాపలావాళ్లనుకున్నాడు చిన్నోడు. కాదురా, ప్రమాణం చేసిన యోధులు.) ఎక్కువమంది పాలడిన్లే, కొందరు మామూలు ఫైటర్లు. వాళ్ల పని వింటే మీకు బోర్ కొట్టొచ్చు. గుడి కాపలా, పెద్ద పూజారుల వెంట తోడు, మంత్రగాళ్ల సంతలు జరిగినప్పుడు గొడవలు కాకుండా చూడటం. వందమంది విజార్డులు ఒకచోట చేరి ఒకళ్లను మించి ఒకళ్లు గొప్పలు చూపించుకునే చోట కాపలా అంటే అది చిన్న డ్యూటీ ఏం కాదు! అప్పుడప్పుడూ మాత్రం పూజారులతో కలిసి, పాత కాలంలో పోయిన మంత్ర నిధులు వెతకడానికి వెళ్తారు. అలా వెళ్లినవాళ్లు తెచ్చేది కూడా చాలాసార్లు ఎవడో దుర్మార్గుడు రాసుకున్నదే అయ్యుంటుంది.

ఇంతకీ ఆ రోజు నువ్వు ఏం చేయొచ్చు? మంత్రాన్ని పసిగట్టే డిటెక్ట్ మ్యాజిక్ ప్రిపేర్ చేసుకుని ఉన్నావు, నీ షీట్ నేను చూశాను. అది వేస్తే 30 అడుగుల లోపల మంత్రం ఎక్కడుందో తెలిసేది. ఆ పుస్తకం అట్ట లోపల నేను గ్లిఫ్ ఆఫ్ వార్డింగ్ అనే కాపలా మంత్రం గుర్తు పెట్టి ఉంచాను. తెరిచినవాళ్ల మీద పేలుతుంది, 5 డీ8 దెబ్బ, అంటే ఎనిమిది ముఖాల డైస్ ఐదు వేస్తే పడినంత. అంటే తగలబెట్టి నువ్వు నీకు తెలీకుండానే ఆ దెబ్బ తప్పించుకున్నావు, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా లోపల ఏమున్నాయో చెప్తే బాధపడతావు. మొత్తం 11 స్పెల్స్. శవాలను లేపేది వాటిలో ఒక్కటే. వేరేవాళ్ల మంత్రాన్ని తీసేసే డిస్పెల్ మ్యాజిక్ ఉంది. ఫెదర్ ఫాల్ ఉంది. పైనుంచి పడుతున్న ఐదుగురిని దూదిపింజల్లా మెల్లగా దింపే మంత్రం అది. దాన్ని చిన్నోడు తన పుస్తకంలోకి ఎక్కించుకోవాలంటే రెండు గంటలు, 50 బంగారు నాణేలు చాలు. డిస్పెల్ మ్యాజిక్ 3వ స్థాయిది కాబట్టి ఆరు గంటలు, 150 నాణేలు. మిగతాది మూటకట్టి గుడికి అప్పజెబితే, ఎక్కడ దాచాలో ఎవరికి చూపించకూడదో వాళ్లు చూసుకునేవాళ్లు.

ఇంకో మాట. మంత్రాన్ని కాపాడటం అంటే పుస్తకాలు మొయ్యడమే అనుకుంటారేమో. నువ్వు 6వ లెవెల్ చేరినప్పటినుంచి నీ చుట్టూ 10 అడుగుల్లో ఉన్నవాళ్లందరి సేవింగ్ త్రోలకు (గండం తప్పించుకోవడానికి వేసే డైకి) నీ కరిష్మా బోనస్ కలుస్తోంది. నీది 3. చిన్నోడు ఒక స్పెల్ మీద మనసు నిలిపి ఉన్నప్పుడు వాడికి 14 దెబ్బ తగిలిందనుకో. స్పెల్ నిలబడాలంటే 20 ముఖాల డై వేసి, బోనస్ కలిపి 10 రావాలి. వాడి సొంత బోనస్ 2 కాబట్టి డై మీద 8 పడాలి, 20లో 13 సార్లు గట్టెక్కుతాడు. నువ్వు పక్కనుంటే 5 పడితే చాలు, 20లో 16 సార్లు. ఆ మూడు సార్లు తెగిపోవాల్సిన పోగును నువ్వు ఊరికే నిలబడి పట్టుకున్నట్టే. పైగా నువ్వు ఏన్షియంట్స్ అనే రకం పాలడిన్ ప్రమాణం తీసుకున్నావు, మనం ఆడే 2014 నాటి రూల్స్‌లో 7వ లెవెల్ నుంచి నీ దగ్గరున్నవాళ్లకు స్పెల్స్ వల్ల తగిలే దెబ్బ సగమే. కానీ మొన్నటి పోట్లాటంతా నువ్వు గదికి ఆ చివర, వాడు ఈ చివర! కత్తి పట్టుకుని ముందుకు దూకాలనిపిస్తుంది, నాకు తెలుసు. రెండు గళ్లు వెనక్కి నిలబడి చూడు ఒకసారి.

శిక్ష సంగతి. 1978 నాటి రూల్ అయితే, పాలడిన్ తెలిసి చెడు చేస్తే పాలడిన్‌తనం పోతుంది, మళ్లీ రాదు. ఆ రూల్‌తో ఆడిన రోజుల్లో బల్ల దగ్గర జరిగిన తగాదాలు నాకింకా గుర్తే, అందులో సగం డీఎం, అంటే ఆట నడిపేవాడి, మొండితనమే. ఇప్పటి రూల్స్ అంత కఠినంగా లేవు. నువ్వు చేసింది చెడూ కాదు, తెలిసి చేసిందీ కాదు. కాబట్టి నీ శక్తులేవీ పోలేదు. వెలుగు మాత్రం ఆరింది. ఎందుకు ఆరిందో అడగాలంటే దగ్గర్లో ఉన్న మిస్ట్రా గుడికి వెళ్లాలి. ఏడు నక్షత్రాల గుండ్రటి గుర్తు, మధ్యలోంచి ఎర్రటి పొగమంచు, ఆ గుర్తు ఎక్కడ కనిపిస్తే అక్కడ.

వెళ్లే ముందు ఆ పొయ్యి ఒకసారి కెలకండి. కాగితాలు బూడిదయ్యాయి గానీ అట్ట కాలలేదు. దాని లోపలి గ్లిఫ్ ఇంకా పేలలేదు కూడా. ముందు ఎవరు ముట్టుకుంటారో మీరిద్దరూ తేల్చుకుని రండి. చిన్నోడా, నీ 20 ముఖాల డై నా దగ్గరే ఉండిపోయింది, తెచ్చిస్తాను.

మీ పెదనాన్న