పాత డ్రమ్ లోపల ఏముంటుంది?

పిల్లలూ,

కొత్త డ్రమ్ సెట్లు తళతళలాడుతుంటే పాత అమెరికన్ సెట్ల కోసం జనం ఎందుకు ఎగబడతారని అడిగారు కదా. ఈసారి ఎక్కడైనా పాత డ్రమ్ కనిపిస్తే, యజమానిని అడిగి పైన హెడ్, అంటే కర్రతో కొట్టే పొర, విప్పించండి. అసలు సంగతంతా షెల్, అంటే గుండ్రటి డొల్ల, లోపలే ఉంటుంది.

1960లలో షికాగోలో తయారైన లడ్విగ్ కంపెనీ డ్రమ్ అయితే, లోపలి చెక్క మీద చాలాసార్లు ఎర్ర సిరాతో తేదీ ముద్ర కనిపిస్తుంది. బయటి బ్యాడ్జీ మీద నంబరు చూసి వయసు కట్టకండి. బ్యాడ్జీలను నంబర్ల వరుసలో బిగించలేదు, చేతికందింది బిగించేశారు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో చేసిన గ్రెచ్ కంపెనీ డ్రమ్ముల్లో లోపల వెండిరంగు పూత ఉంటుంది. స్లింగర్లాండ్ కంపెనీ వాళ్ల రేడియో కింగ్ స్నేర్‌ది, అంటే అడుగున తీగలుండే డ్రమ్‌ది, మరో పద్ధతి. ఒకే మేపుల్ పలకకు ఆవిరి పట్టి గుండ్రంగా వంచేవారు. జాజ్ డ్రమ్మర్ జీన్ క్రుపా చేతిలో మోగింది అదే.

నాకు అన్నిటికన్నా ముద్దొచ్చేవి యుద్ధకాలపు డ్రమ్ములు. 1942లో అమెరికా ప్రభుత్వం వాద్యాల బరువులో లోహం 10 శాతం దాటకూడదంది. దాంతో హెడ్‌ను బిగించే స్క్రూలు దిగే లగ్గులను కూడా చెక్కతోనే చేశారు. వాయించేవాళ్లు వాటిని పెద్దగా మెచ్చరు. నేను మాత్రం చూస్తూ కూర్చుంటాను.

అప్పట్లో హెడ్ అంటే దూడతోలు. గాలిలో తేమ పెరిగితే శ్రుతి దిగిపోయేది. ఆ బాధేమిటో మన మృదంగం విద్వాంసులకు తెలుసు. 1957లో రెమో బెల్లీ ప్లాస్టిక్ హెడ్లను మార్కెట్‌లోకి తెచ్చాక ఆ టెన్షన్ తగ్గింది.

ఇక 1964 ఫిబ్రవరి 9. అమెరికా టీవీలో ఎడ్ సలివన్ షోలో బీటిల్స్ బృందాన్ని సుమారు 7.3 కోట్ల మంది చూశారు. వాళ్ల డ్రమ్మర్ రింగో స్టార్ బేస్ డ్రమ్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) మీద లడ్విగ్ పేరు అందరి కళ్లలో పడింది. ఆర్డర్లు తట్టుకోలేక ఫ్యాక్టరీ రాత్రింబవళ్లు నడిచింది. కాబట్టి ఆ కాలపు లడ్విగ్‌లు అరుదేమీ కాదు. ధర మాత్రం అరుదైన వస్తువు ధరే, రింగో పుణ్యమా అని!

కొనేముందు కన్నాలు చూడండి. రోజర్స్ అనే మరో కంపెనీ వాళ్ల టామ్ హోల్డర్ (బేస్ డ్రమ్ మీద చిన్న డ్రమ్ములను నిలబెట్టే బిగింపు) గట్టిగా నిలుస్తుందని, చాలామంది తమ లడ్విగ్‌లకు డ్రిల్లుతో కొత్త కన్నాలు పెట్టి దాన్ని బిగించుకున్నారు. సేకరించేవాళ్లు అలాంటి వాటిని ముట్టుకోరు, అందుకే చవగ్గా వస్తాయి. మీరు వాయించడానికే కొంటారు గనక అవే వెతకండి. సౌండ్‌లో పెద్ద తేడా ఉండదు. ఇంటికి తెచ్చాక లోపల తడిగుడ్డ మాత్రం పెట్టకండి, ఆ ఎర్రముద్ర చెరిగిపోతుంది.

మీ తాతయ్య