గోడ మీది మీటరు పదేళ్లుంటుంది

పిల్లలూ,

మైక్రోసర్వీసులు, అంటే పెద్ద సాఫ్ట్‌వేరును విడివిడిగా నడిచే చిన్న ముక్కలుగా కట్టడం, వచ్చేశాక ఇంకా ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్‌తో, అంటే సంస్థ మొత్తం సాఫ్ట్‌వేరుకు పైనుంచి వేసే నక్షాతో, పనేముంది అని మీలో ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆ ఒక్కో ముక్కనే సర్వీసు అంటాం. ఫోన్లో చెబితే సగం మీకు వినపడదు, సగం నేను మరిచిపోతాను, అందుకని రాస్తున్నాను. ఉద్యోగం చేసినంత కాలం కరెంటు బిల్లింగు సాఫ్ట్‌వేరుతోనే గడిపాను కాబట్టి ఉదాహరణ కూడా అక్కడిదే, మీ ఇంటి గోడ మీదున్న మీటరు. బ్యాంకులనీ ఆన్‌లైన్ షాపులనీ పట్టుకుని చెప్పేవాళ్లు మీకు బోలెడుమంది దొరుకుతారు.

పాత పద్ధతి మీరు చూసిందే. నెలకోసారి రీడింగు తీసే అబ్బాయి వస్తాడు, చేతి మిషనులో అంకె కొడతాడు, అక్కడికక్కడే బిల్లు చించి చేతిలో పెట్టి పక్కింటికి పోతాడు. వెనకాల ఆఫీసులో ఒకటే సాఫ్ట్‌వేరు, ఒకటే డేటాబేసు. పేరు, సర్వీసు నంబరు (బిల్లు మీదుండే మీ కనెక్షను నంబరు), మీటరు నంబరు, కేటగిరీ, పాత బకాయి, కట్టిన డబ్బు, అన్నీ అందులోనే. రాత్రి అన్ని లెక్కలూ ఒక్క ఊపున చేసే బ్యాచ్ నడుస్తుంది, తెల్లారేసరికి లెక్కలు తేలిపోతాయి. దీన్ని మోనోలిత్ (అంతా ఒకే ముక్క) అని ఇప్పుడు చులకనగా మాట్లాడటం ఫ్యాషనైపోయింది గానీ, నెలకొక్క రీడింగు వచ్చే లోకానికి అంతకంటే తెలివైన కట్టడం నాకైతే కనిపించలేదు. ఒక్క ట్రాన్సాక్షన్‌లో డబ్బు జమ కావడం, బకాయి తగ్గడం రెండూ జరిగిపోతాయి, లేదా రెండూ జరగవు. ఆ సుఖం ఎంతటిదో పోగొట్టుకున్నాక గానీ తెలియదు.

2021లో కేంద్రం కరెంటు పంపిణీని బాగుచేసే ఆర్‌డీఎస్‌ఎస్ పథకం ప్రకటించి దేశమంతా 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు బిగించాలని లక్ష్యం పెట్టుకుంది. ఈ మీటరు పావుగంటకో అరగంటకో ఒక లెక్క రాసుకుంటుంది. పావుగంట అనుకుంటే రోజుకు 96, 30 రోజుల నెలకు 2,880. ఒక్క అంకె వచ్చేచోట 2,880 అన్నమాట. 10 లక్షల మీటర్లున్న డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) అయితే రోజుకు 9.6 కోట్లు, సగటున సెకనుకు 1,100 పైచిలుకు. ఈ అంకెలు చూసి కళ్లు తిరిగి, ఇక ముక్కలు చేయడమే గతి అని దూకేవాళ్లను చాలామందిని చూశాను. అంకె పెద్దదవడం అంత పెద్ద సమస్యేం కాదర్రా, డబ్బు పెడితే తీరేదే. అసలు తేడా వేరే ఉంది. ఇదివరకు మనిషి వెళ్లి చూస్తే తప్ప మీటరు నోరు విప్పేది కాదు. ఇప్పుడు తనంతట తానే మాట్లాడుతుంది, కరెంటు పోతుంటే ఆఖరి క్షణంలో 'పోతోంది' అని ఒక కబురు కూడా పంపి మరీ ఆరిపోతుంది. ఆఫీసు చెబితే ఇంటికి సరఫరా ఆపేస్తుంది. ఒక్కోసారి మూడు రోజులు మౌనంగా ఉండి ఆ మూడు రోజుల లెక్కంతా ఒక్కసారే కక్కేస్తుంది.

ఇక ఆర్కిటెక్చర్ సంగతి. 1987లో జాన్ జాక్‌మన్ ఐబీఎం వాళ్ల పత్రికలో ఒక గడుల పట్టీ వేసి చూపించాడు, సంస్థలో ఏ డేటా ఉంది, దాంతో ఏం పని జరుగుతుంది, ఎక్కడ జరుగుతుంది అని. 1995లో ఓపెన్ గ్రూప్ నుంచి టోగాఫ్ వచ్చింది, అలాంటి నక్షాలు ఎలా గీయాలో చెప్పే పద్ధతి. మా తరం వీటిని పట్టుకుని గోడంత చార్టులు గీసింది. ఇవాళ్టి స్థితి ఒకవైపు, మూడేళ్ల తర్వాతి స్థితి ఇంకోవైపు. గీసినవి చెడ్డవని నేననను, ఏళ్లకోసారి మారే సాఫ్ట్‌వేరుకు ఆ వేగం సరిపోయింది. చిన్న టీములు ఎవరి ముక్క వాళ్లు వారానికోసారి మార్చుకుపోతుంటే మాత్రం ఆ చార్టు ప్రింటు తీసేలోపే అబద్ధమైపోతుంది. అందుకని కొందరు ఆర్కిటెక్చరే వద్దన్నారు. నేనొప్పుకోను. గీయాల్సినవి తగ్గాయి, అంతే. ముక్క లోపల ఏ భాష వాడతారో, ఏ డేటాబేసు పెట్టుకుంటారో టీము ఇష్టం. ఏ సమాచారానికి ఎవరు యజమాని, ఎవరెవరి మధ్య కబురు ఏ రూపంలో నడుస్తుంది, ఏ పని ఒకసారి చేస్తే వెనక్కి తీసుకోలేం అన్నవి మాత్రం పైన కూర్చున్నవాళ్లు తేల్చి రాసిపెట్టాలి. ఇవి రాయకుండా సర్వీసులు విడగొట్టిన చోట నేను చూసిందల్లా మీటింగులే.

యజమాని అన్నాను కదా, ఒక చిన్న విషయం దగ్గరగా చూడండి. డిస్‌ప్లే పోయిందని లైన్‌మన్ వచ్చి మధ్యాహ్నం 2:20కి పాత మీటరు తీసేసి కొత్తది బిగించాడు. సర్వీసు నంబరు అదే, మీటరు నంబరు మారింది. పాత సాఫ్ట్‌వేరులో అయితే మీటరు నంబరు గడిలో పాతది కొట్టేసి కొత్తది రాసేవాళ్లు, చివరి రీడింగు పక్కన వేసుకునేవాళ్లు, నెలాఖరుకు సర్దుకునేది. ఇప్పుడు 2:15 నాటి లెక్క దారిలోని గేట్‌వేలో (మీటర్ల కబుర్లు పోగేసి ఆఫీసుకు పంపే పెట్టెలో) ఇరుక్కుని 4 గంటలకు చేరింది. బిల్లింగు సర్వీసు దగ్గర ఆ మీటరు నంబరు లేదు, ఎవరిదో తెలియని రీడింగని పక్కన పడేసింది. ఫిర్యాదుల సర్వీసులో ఇంకా పాత నంబరే ఉంది. ప్రీపెయిడ్ సర్వీసులో రెండూ ఉన్నాయి. ఎవరి లెక్క ప్రకారం వాళ్లు కరెక్టే! కాబట్టి ఏ మీటరు ఏ సర్వీసు నంబరు మీద ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా ఉందన్నది ఒక్కచోటే పుట్టాలి, ఒక్క టీమే మార్చాలి, మార్చగానే మిగతావాళ్లకు కబురు పోవాలి. రీడింగును చూసేటప్పుడు అది చేరిన టైము కాదు, మీటరు రాసుకున్న టైము చూడాలి. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నది లేకుండా రెండు నంబర్లు జత కట్టిన డిజైను ఎవరు తెచ్చినా నేను తిప్పి పంపేసేదాన్ని.

ఏ మీటరు ఏ ట్రాన్స్‌ఫార్మరు కింద ఉందన్నది దీనికంటే పెద్ద తలనొప్పి. లోడు ఎక్కువైందని లైన్‌మన్ నాలుగిళ్లు పక్క ట్రాన్స్‌ఫార్మరుకు మారుస్తాడు, ఆఫీసుకు చెప్పడు, ఆ రోజు నుంచి ఒకదాని కింద కరెంటు దొంగతనం జరుగుతున్నట్టూ ఇంకోదాని కింద వచ్చినదానికంటే వాడింది ఎక్కువున్నట్టూ రిపోర్టులు వస్తాయి. దీనికి ఏ మైక్రోసర్వీసూ మందు కాదు. స్తంభం దగ్గరే నిలబడి ఫోనులో రెండు నొక్కులతో మార్చే వీలు ఆ లైన్‌మన్‌కు ఇవ్వడమే మందు.

సర్వీసులన్నీ విడగొట్టి కింద డేటాబేసు మాత్రం ఒకటే ఉంచేవాళ్లున్నారు. వేరుకాపురాలు పెట్టి పొయ్యి మాత్రం ఒకటే ఉంచుకున్నట్టు. ఒక టీము ఒక కాలమ్ పేరు మారిస్తే ఇంకో టీము రాత్రి పనులన్నీ ఆగిపోతాయి. అలా చేసేదానికంటే మోనోలిత్‌గానే ఉండనివ్వండి, ఆ ట్రాన్సాక్షనన్నా మిగులుతుంది.

ఇప్పుడు అసలు కష్టమైన దానికొద్దాం. సాయంత్రం ఆరున్నరకు బ్యాలెన్సు అయిపోయి ఒక ఇంట్లో కరెంటు లేదు. ఆ ఇంటాయన యూపీఐలో 500 కొట్టాడు. బ్యాంకులో డబ్బు కట్టయింది, యాప్‌లో మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది. టెన్షన్ పడి మళ్లీ 500 కొట్టాడు. ఇక్కడి నుంచి ఎన్ని చేతులు మారుతుందో చూడండి. డబ్బు వచ్చిందని పేమెంటు సర్వీసు చెప్పాలి, బ్యాలెన్సు సర్వీసు జమ చేయాలి (మన దగ్గర ప్రీపెయిడ్ బ్యాలెన్సు ఎక్కువగా సర్వరులోనే ఉంటుంది, మీటరులో కాదు), బ్యాలెన్సు సున్నా దాటిందని తెలిసి కమాండు సర్వీసు కరెంటు ఇవ్వమని పంపాలి, అది హెడ్ ఎండ్ సిస్టమ్ (మీటర్లతో మాట్లాడే ఆఫీసు సర్వరు) దాటి రేడియో మెష్‌లోనో (మీటరు నుంచి మీటరుకు కబురు అందించే రేడియో వల) సిమ్ మీదుగానో మీటరు దాకా పోవాలి, లోపలి రిలే (కరెంటు కలిపే, తెంపే స్విచ్చి) టక్కుమని పడాలి, పడిందని జవాబు వెనక్కి రావాలి. జవాబు రాలేదనుకోండి. కమాండే చేరలేదా, లేక చేరి, రిలే పడి, జవాబు మాత్రం దారిలో పోయిందా? ఆఫీసులో కూర్చున్నవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

అందుకని మళ్లీ పంపక తప్పదు, మళ్లీ పంపినా హాని లేకుండా ఉండాలి. 'కరెంటు ఇవ్వు' అన్నది రెండుసార్లు చేరినా నష్టం లేదు, పడిన రిలే మళ్లీ పడదు. '500 జమ చెయ్యి' రెండుసార్లు చేరితే మాత్రం కొంప మునుగుతుంది. ప్రతి చెల్లింపుకూ అది పుట్టిన చోటే ఒక నంబరు తగిలించి, అదే నంబరు మళ్లీ వస్తే చూసేశానని వదిలేయాలి. పైన చెప్పినాయన కొట్టిన రెండు ఐదొందలకు రెండు వేర్వేరు నంబర్లు, కాబట్టి రెండూ జమ కావాల్సిందే. ఒకే ఐదొందల గురించి బ్యాంకు రెండుసార్లు కబురు పంపితే ఒకటే జమ. ఈ తేడా చిన్నదనుకుంటే కస్టమర్ కేర్‌లో కూర్చునే వాళ్లనడగండి. ఇంకో ప్రమాదం, మీరు ఊహించనిది: మధ్యాహ్నం పంపిన 'కట్ చెయ్యి' కమాండు ఏదో క్యూలో ఇరుక్కుని, రీచార్జి అయ్యాక రాత్రికి చేరడం. కమాండుకు గడువు రాసి ఉండాలి, గడువు దాటితే దాన్ని దారిలోనే చంపేయాలి.

వెనక్కి తీసుకోలేని పనుల గురించి అందుకే అంత గట్టిగా చెప్పాను. 2020 ఆగస్టులో కృష్ణాష్టమి రోజున ఉత్తరప్రదేశ్‌లో స్మార్ట్ మీటర్లున్న లక్షకు పైగా ఇళ్లలో ఒక్కసారిగా కరెంటు పోయింది. పొరపాటున వెళ్లిన ఒక కమాండు వల్లనే అని అప్పుడు వార్తల్లో వచ్చింది. దానిమీద విచారణ వేశారు, కొత్త మీటర్లు బిగించడం కొన్నాళ్లు ఆపేశారు. పాత పద్ధతిలో ఫ్యూజు పీకడానికి మనిషి స్తంభమెక్కాలి, ఎంత పొరపాటు చేసినా రోజుకు కొన్ని ఇళ్లకు మించి పీకలేడు. ఆ ఆలస్యమే పెద్ద రక్షణ అని ఎవరికీ తట్టలేదు. దాన్ని ఇప్పుడు మనమే కావాలని తిరిగి పెట్టాలి. కట్ చేసే దారి ఒక్కటే ఉండాలి, గంటకు ఇన్ని ఇళ్లు అన్న హద్దు దాటితే ఆగిపోయి మనిషిని అడగాలి. రాత్రిపూట కట్ చేయకూడదన్న నియమం ఉంటే దాన్ని కూడా యాప్‌లో పెట్టకుండా ఈ గుమ్మం దగ్గరే పెట్టాలి, ఎందుకంటే యాప్‌ను తప్పించుకుని వచ్చే అడ్డదారులు ఎప్పుడూ ఉంటాయి.

గాలివాన సంగతి కూడా ఒకటి చెప్పాలి. సబ్‌స్టేషన్ పోయి రెండు గంటల తర్వాత మండలమంతా ఒకేసారి కరెంటు వచ్చిందనుకోండి, వేల మీటర్లు ఒకేసారి లేచి 'నేనొచ్చా, నేనొచ్చా' అని మొదలెడతాయి. సెకనుకు 1,100 సగటు చూసి కట్టిన సర్వర్లు అక్కడే కూలబడతాయి. కొన్ని సిస్టమ్‌లలో అర్ధరాత్రి 12కు అందరూ ఒకేసారి రోజు లెక్క పంపుతారు, అప్పుడూ ఇంతే. ప్రతి మీటరూ తనకు తోచినంత సేపు ఆగి పంపేలా పెట్టాలి, వచ్చినవాటిని వెంటనే లెక్కేయకుండా కాఫ్కా లాంటి లాగ్‌లో (వచ్చిన కబుర్లను వరసగా రాసిపెట్టుకునే చిట్టాలో) పడేసి ఎవరి వేగంతో వాళ్లు చదువుకునేలా చేయాలి. ఈ కాఫ్కా లింక్డ్‌ఇన్‌లో పుట్టి 2011లో బయటి లోకానికి వచ్చింది.

సర్వీసుల గురించి రాసినవాళ్లు చాలామంది మరిచేది ఇంకోటుంది. మీ కోడు వారానికోసారి మారుతుంది, గోడ మీది మీటరు పదేళ్లుంటుంది. మనదేశంలో స్మార్ట్ మీటరుకు ఐఎస్ 16444 ప్రమాణం, అది మాట్లాడే డీఎల్‌ఎంఎస్ భాషకు ఐఎస్ 15959. ఇవాళ బిగించిన మీటరు ఈ భాషే మాట్లాడుతూ ఉంటుంది, మీరు మధ్యలో మూడుసార్లు క్లౌడు మార్చినా సరే. అందుకని మీటరు భాష తెలిసిన సర్వీసు ఒక్కటే ఉండాలి, లోపలివాళ్లకు అదంతా తేట మాటల్లోకి మార్చి ఇవ్వాలి. పరికరాల లోకంలో ఎక్కువగా వినిపించే ఎంక్యూటీటీ, పరికరాలు కబుర్లు పంపుకునే ఇంకో భాష, కూడా ఇలాంటి అవసరంతోనే పుట్టింది. 1999లో ఉపగ్రహం మీదుగా చమురు పైపులైన్లను గమనించడానికి ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ దాన్ని తయారు చేశారు. ఒక్కో బైటుకూ డబ్బు కట్టే లైను, ఎప్పుడు తెగుతుందో తెలియని లైను. తెగిపోతే నా తరఫున ఈ కబురు చెప్పండని పరికరం ముందే రాసిపెట్టుకునే ఏర్పాటు అందులో ఉంది.

భద్రత గురించి పొడుగ్గా రాయను. 2016లో మిరాయ్ అన్న వైరసు కెమెరాల్లోకీ రూటర్లలోకీ కంపెనీ పెట్టిన పాస్‌వర్డులతోనే దూరి, అక్టోబరులో వెబ్‌సైట్ల పేర్లకు అడ్రసు చెప్పే డిన్ అన్న సంస్థ మీద దాడి చేసి అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టింది. అన్ని మీటర్లకూ ఒకటే తాళంచెవి ఇచ్చారని తెలిస్తే ఆ ప్రాజెక్టులోంచి లేచి వచ్చేయండి.

మరి పాత బిల్లింగును ఏం చేయాలంటారు. ఒక్క రాత్రిలో మార్చొద్దు. నెట్‌ఫ్లిక్స్ వాళ్లకు 2008లో డేటాబేసు పాడై మూడు రోజులు డీవీడీలు పంపలేకపోయారు, అప్పుడు మొదలెట్టిన క్లౌడు మార్పు 2016 జనవరికి గానీ పూర్తి కాలేదు. వాళ్లకే అన్నేళ్లు పట్టింది. ముందు మీటరు నంబరు-సర్వీసు నంబరు జతను బయటికి తీయండి, తర్వాత రీడింగులు, తర్వాత కమాండులు. టారిఫ్ (కరెంటు ధరల) లెక్క మాత్రం ఆఖరున, అసలు తీయకపోయినా ఫరవాలేదు. ఏడాదికోసారి రెగ్యులేటరీ కమిషన్ ఉత్తర్వుతో మారేదాన్ని నాలుగు ముక్కలు చేసి ఏం బావుకుంటాం? 2023లో అమెజాన్ ప్రైమ్ వీడియోలో ఒక టీము, వీడియో నాణ్యత చూసే తమ సాఫ్ట్‌వేరును ముక్కల నుంచి మళ్లీ ఒక్కటిగా కలిపి ఖర్చు 90 శాతం తగ్గించుకుంది. విడగొట్టే ముందు, ఈ రెండు ముక్కలూ వేర్వేరు వేగంతో మారతాయా అని అడగండి, లేదంటే కలిపే ఉంచండి.

ఇంకో మాట, ఇది 1968లోనే మెల్విన్ కాన్వే రాశాడు: సంస్థలో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో సిస్టమ్ కూడా అలాగే తయారవుతుందని. మీటర్ల విభాగం, రెవెన్యూ విభాగం ఒకరితో ఒకరు కాగితాల మీద తప్ప మాట్లాడుకోని చోట మీరెంత అందంగా సర్వీసులు గీసినా, వాటి మధ్య కూడా రోజుకోసారి వెళ్లే ఫైలే మిగులుతుంది.

చివరికి మీకో పని. మధ్యాహ్నం మీటరు మార్చిన ఇంట్లో అదే రోజు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి రీచార్జి చేశారనుకోండి, పాత మీటరు ఆఖరి నాలుగు లెక్కలు మరుసటి రోజు చేరాయనుకోండి. రాత్రి 9 గంటలకు యాప్‌లో బ్యాలెన్సు ఎంత చూపిస్తారు, దానిపక్కన ఏం రాస్తారు? ఏ సర్వీసు ఎవరికి ఏం చెప్పిందో ఒక కాగితం మీద బాణాలు గీసి ఫొటో తీసి పంపండి. ఆదివారం కూర్చుని దిద్దుతాను.

మీ పెద్దమ్మ